మా పిల్ల గొంతు మా పిల్లదే

టీవీలో ఆదివారం పొద్దున పిల్లల సీరియల్ ఒకటి వస్తంది. కిరాణా కొట్లో కూర్చునే ఓ పిల్ల వీధిలో వాళ్ళ తగాదాలన్నీ తీర్చే కథ. మొదట్లో పేర్లు పడేటప్పుడు 'కథ' అని వేసి కింద నా పేరు వేస్తారు. అది చూసినోళ్ళు బజార్లో నన్ను ఆపి, "మీ సీరియల్ చానా బాగుందండీ" అంటారు. అది నాది కాదంటాను. వినయం అనుకుని నవ్వుతారు. వినయమూ కాదు, నా మొహమూ కాదు. కోపం.

నరసరావుపేటలో కోర్టు ఎదురు సందులో నాకు జిరాక్స్ కొట్టుంది. పొద్దునంతా వకాల్తాలు, దస్తావేజులు, ఆధార్ కార్డులు. కోర్టు భోజనాలకి లేచిన తర్వాత ఈగలు తోలుకోవటమే. ఆ టైములో పాడైపోయిన కాపీల వెనక వైపు కథలు రాసుకునేదాన్ని. మా ఆయన స్పిన్నింగు మిల్లులో పని చేస్తాడు. ఏం రాస్తన్నావని ఒక్కరోజు అడగలా, కొత్త కాగితం దండగ చేయట్లేదని మాత్రం సంతోషించాడు. ఆ కథలు పిల్లల పత్రికలో వచ్చినయ్. తర్వాత పుస్తకాలయినయ్. బళ్ళలో బహుమతులకి కొన్నారు, బస్టాండు పుస్తకాల కొట్లో వేలాడదీశారు. ఆధార్ జిరాక్సుకి తల్లితో వచ్చిన పిల్లలు నన్ను గుర్తుపట్టి, "ఇంకో పుస్తకం ఎప్పుడు రాస్తావు, ఖాళీగా కూర్చున్నావుగా" అని దబాయించేవాళ్ళు.

నా పుస్తకాల్లో పిల్లకి బొంగురు గొంతు. మొదటి పుస్తకం మొదటి పేజీలోనే ఆ సంగతి ఉంది. ఆ పిల్ల నోరు తెరిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటదని రాశాను. ఆ గొంతు నేను ఎక్కడా వెతకలా. అది నాదే.

నేను చదివిన బళ్ళో ప్రార్థనకి పాడే పిల్లల్ని విడిగా ముందు నిలబెట్టేవాళ్ళు. నాకు పాటంటే ప్రాణం. ఎవరూ పిలవకుండానే వెళ్ళి నిలబడ్డా. టీచరమ్మ రెండు ముక్కలు విన్నది. నన్ను బయటికి పంపేసినా బాగుండేది. పంపలా. "నువ్వు ఉండు గానీ, ఊరికే పెదాలు కదుపమ్మాయ్. శబ్దం రానీయకు" అంది. జెండా పండగ నాడూ, పెద్ద ఆఫీసరు వచ్చిన నాడూ, అందరితో పాటు నోరు తెరవటం, మూయటం. మా అమ్మ ఒకసారి చూసి, "ఎంత బాగా పాడావే" అని మురిసిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిద్ది. అందుకనే కథల్లో నా పిల్ల నోటికి ఎవర్నీ అడ్డం రానీయలా.

పుస్తకాల్ని సీరియల్ చేస్తామని హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరు వచ్చాడు. వయసులో చిన్నవాడే, మర్యాదస్తుడు. పుస్తకాలన్నీ చదివే వచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పల్నాడు అంటే సినిమావాళ్ళకి కత్తులూ బాంబులే గుర్తొస్తయ్. ఈడ నోటితో జరిగే యుద్ధాలు వాళ్ళకి ఆనవు. ఇతనికి ఆనినయ్. అందుకని సరే అన్నా. ఒక్కటే అడిగా, ఆ వేషం వేసే పిల్ల ఈ చుట్టుపక్కల పిల్లే కావాలని. ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

పేటలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని పిల్లల్ని పిలిచారు. పొద్దున్నించి సాయంత్రం దాకా పౌడర్లు, పట్టు లంగాలు, పక్కన మాటలు అందిచ్చే తల్లులు. పాపం, పిల్లలు మంచోళ్ళే. కాకపోతే మైకు ముందు నిలబడంగానే అందరూ టీవీలో పిల్లల్లాగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంట్లో అన్నం పెట్టమని అడిగే గొంతు ఒక్కరూ తేలా.

మర్నాడు కిరాణా కొట్టు ఒకటి షూటింగుకి కావాలని రొంపిచెర్ల వెళ్ళాం. ఒక కొట్టు ముందు జీపు ఆపేసరికి లోపల తగాదా నడుస్తంది. ఒక పెద్దాయన రెండు కొబ్బరి చిప్పలు చేత్తో పట్టుకుని ఉన్నాడు. గుళ్ళో కొడితే కాయ కుళ్ళిపోయిందంట, మార్చి ఇమ్మంటన్నాడు. గల్లాపెట్టె వెనక స్టూలు మీద ఒక పిల్ల, ఐదో తరగతి ఉండొచ్చు.

"కొట్టిన కాయ వాపసు తీసుకోం తాతా."

"కుళ్ళు కాయ అమ్మింది గాక, ఎదురు మాట్లాడతావేందే?"

"నేనేమన్నా కాయలోకి దూరి చూశానా? అయినా కాయ కుళ్ళితే దిష్టి పోయిందంటారు. నీ దిష్టంతా మా కాయ లాగేసింది. నువ్వే మాకు దణ్ణం పెట్టి పోవాలి."

పెద్దాయనకి నవ్వొచ్చింది. చిప్పలు అరుగు మీద పెట్టి, "నీ నోరు పడిపోను" అని ముద్దుగా తిట్టి వెళ్ళిపోయాడు. నేనూ డైరెక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాట సంగతి అట్టా ఉంచండి, ఆ గొంతు. కంకర రోడ్డు మీద బండి లాగినట్టుంది. కాగితం మీద నేను రాసుకున్న గొంతు నా ఎదురుగా కూర్చుని పంచదార తూస్తంది.

పిల్ల నాయనమ్మ లోపల్నించి వచ్చింది. కొట్టు ఆవిడదే. విషయం చెప్తే ముందు నమ్మలా. "ఇది బళ్ళో నోరెత్తదమ్మా. పాఠం చదవమంటే లేచి నిలబడిద్ది, అంతే. కప్పగొంతని పిల్లలు నవ్వుతారంట. మాట్లాడేదంతా ఈ కొట్లోనే. దీన్ని టీవీలో పెడతారా?" అంది. ఆ పిల్ల నన్ను చూసి ఒకటే అడిగింది.

"నా గొంతు వచ్చిద్దా టీవీలో?"

"రాక? దానికోసమే గదా వచ్చింది" అన్నా. డైరెక్టరు కూడా తలూపాడు. అబద్ధం చెప్పాలని చెప్పలా. అప్పటికి ఆయనా అదే అనుకున్నాడు.

వేసవి సెలవుల్లో షూటింగు జరిగింది, కొంత రొంపిచెర్లలో, కొంత కారంపూడి బజార్లో. ఎండ మాడ్చేస్తంది. పిల్ల గౌను లోపల చిన్న మైకు పెట్టేవాళ్ళు, కర్రకి కట్టిన ఇంకో మైకు నెత్తి మీద తిప్పేవాళ్ళు. అన్ని మైకులు చూసి ఇంటిల్లిపాదీ ఆ గొంతుని కాపాడటం మొదలుపెట్టారు. ఐసు బంద్. గోళీసోడా బంద్. పొద్దున్నే మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ ముక్క. యూనిట్లో వాళ్ళందరూ చల్లటి మజ్జిగ తాగుతుంటే ఈ పిల్ల కాచిన నీళ్ళ సీసా పట్టుకుని నీడన కూర్చునేది. అందరూ అది చూస్తానే ఉన్నారు. వద్దమ్మా, ఈ గొంతు ఎట్టాగూ పారేస్తామని ఒక్కరూ చెప్పలా. ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది చెప్పాల్సిన సంగతే కాదు. షూటింగులో రికార్డు చేసేది గుర్తు కోసమే, దాన్ని పైలట్ ట్రాక్ అంటారంట. తర్వాత స్టూడియోలో ఇంకొకరు కూర్చుని ఆ పెదాలకి గొంతు అతికిస్తారు. పెద్ద హీరోయిన్లకే అట్టా చేస్తారు, పిల్లలొక లెక్కా? మా కొట్లోళ్ళకి ఈ సంగతులు ఎవరు చెప్పాలి?

వానలు మొదలైన తర్వాత డైరెక్టరు ఫోన్ చేశాడు. "ఛానెల్ వాళ్ళు ఒప్పుకోవట్లేదండీ. డబ్బింగు వేరేవాళ్ళ చేత చెప్పిస్తారంట" అని నసిగాడు. నేను జిరాక్స్ మిషను ఆపేశా. లాయరు గుమాస్తా ఒకాయన కాగితాల కోసం నిలబడి ఉన్నాడు. "కొట్టు కట్టేస్తన్నా, రేపు రండి" అన్నా. నా మొహం చూసి ఆయన వెళ్ళిపోయాడు.

పిల్లనీ నాయనమ్మనీ తీసుకుని హైదరాబాదు బస్సెక్కా. పిల్లకి చెప్పకుండా దాచటం నా వల్ల కాలా, దారిలోనే చెప్పా. "నేను బాగా చెప్తే మార్చుకుంటారేమో" అంది. బస్సులో ఉన్నంతసేపూ డైలాగులన్నీ లోలోపల చెప్పుకుంటానే ఉంది.

స్టూడియోలో ఏసీ గజగజ వణికిస్తంది. అద్దం అవతల ఒకావిడ మైకు ముందు నిలబడి ఉంది. నా ఈడుదే, కళ్ళజోడు, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు. ఎదురుగా తెర మీద మా పిల్ల మొహం. ఆవిడ నోరు తెరిచింది. తేనెలో ముంచి తీసినట్టు, బొమ్మ మాట్లాడినట్టు, సన్నటి ముద్దు గొంతు వచ్చింది. తెర మీద మా పిల్ల పెదాలు కదిలినయ్. నాకు బళ్ళో ప్రార్థన వరసలో నిలబడ్డట్టే అయింది. ఈ పిల్ల చేతా ఊరికే పెదాలు కదిపించారు.

పిల్ల మాత్రం సోఫా అంచున కూర్చుని కన్నార్పకుండా చూసింది. ఏడవలా.

ఛానెల్ తరఫున ఒక సారు వచ్చాడు. చానా మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడేవాళ్ళతో తగాదా కష్టం.

"పిల్లల ప్రోగ్రాం కదమ్మా, చెవికి ఇంపుగా ఉండాలి. రెండు రాష్ట్రాల్లో చూస్తారు."

"పుస్తకంలో మొదటి పేజీలోనే బొంగురు గొంతని రాశాను. చదివారా?"

"చదివామండీ, చాలా బాగుంది. కానీ పుస్తకంలో గొంతు వినపడదు కదా."

"మా పిల్లలకి వినపడింది. వినపడబట్టే కొన్నారు. వాళ్ళు కొనబట్టే మీరు నా కొట్టు వెతుక్కుంటా వచ్చారు."

ఆయన నవ్వాడు. నాయనమ్మ అప్పటిదాకా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కాకిపిల్ల కాకికి ముద్దు నాయనా, నేను చెప్తే ముద్దుకి చెప్తాననుకుంటావు. ఒక్కసారి దాన్ని ఆ గదిలో నిలబెట్టి చూడు" అంది. డైరెక్టరు కూడా బతిమాలాడు. సరేనన్నారు. మైకు అందేట్టు స్టూలు వేసి పిల్లని ఎక్కించారు. కళ్ళజోడు ఆవిడ పక్కనే నిలబడి, పెదాల వంక కాదు, మనిషి ఎప్పుడు ఊపిరి పీలుస్తందో అది చూడమ్మా అని చెప్పింది. పిల్ల ఒక్క సీను చెప్పింది. ఎక్కడా తప్పు పోలా. చెప్తా ఉంటే మిషను ముందు కూర్చున్నాయన నవ్వాడు, అది కామెడీ సీనే. ఆవిడ తన చేతిలో కాగితాలు మడిచి, "నాకంటే ఈ పిల్లే బాగుంది సార్, నన్ను పంపించెయ్యండి" అంది. తన కూలి పోద్దని తెలిసి అన్న మాట. ఆవిడకి నేను అక్కడే దణ్ణం పెట్టా.

సారు అంతా విని, "బాగా చేసిందమ్మా. చూద్దాం" అన్నాడు. మన ఆఫీసుల్లో చూద్దాం అంటే ఏందో అందరికీ తెలిసిందే. వారం తిరక్కముందే కబురొచ్చింది, తేనె గొంతే ఖాయమని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మంచి నోరు ఎట్టా ఉండాలో మాత్రం మా ఊళ్ళు తేల్చకూడదంట, ఏసీ గదుల్లో తేలుస్తారంట.

తీసిన పుస్తకాలకి సంతకం ఎప్పుడో పెట్టేశా, మిగతా పుస్తకాలు కూడా ఇవ్వమని వాళ్ళు అడిగారు. ఇవ్వనన్నా. ఆ పిల్ల చేత ఆ పిల్ల గొంతుతోనే మాట్లాడిస్తామని కాగితం మీద రాసిస్తేనే మాట్లాడండి, లేకపోతే నా జిరాక్స్ మిషను నాకుంది అన్నా. "వచ్చే లక్ష్మిని కాలదన్నుకుంటావా?" అన్నాడు మా ఆయన. "లక్ష్మి వచ్చి నా పిల్ల నోరు మూస్తే తంతాను" అన్నా. ఆయన దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. ఇప్పటికీ ఇవ్వలా. ఇక ముందూ ఇవ్వను.

నా పంతం నాకు సులువే. ఆ పిల్లకి ఏం సులువు? ఒకరోజు రొంపిచెర్ల వెళ్ళి చూస్తే పిల్ల గల్లాపెట్టె వెనకే ఉంది. ఒకామె చింతపండు ఎంత అంటే వేళ్ళు చూపించింది. ఇంకొకాయన బియ్యం బాగాలేవని రేగితే బస్తా కట్టి లోపల పెట్టింది, మాట లేదు. బళ్ళో ఎట్టాగూ మాట్లాడదు. మాట్లాడేది ఈ ఒక్క కొట్లోనే, అదీ ఆగిపోయింది. "స్టూడియో నుంచి వచ్చిన కాడినించి ఇంతేనమ్మా. అన్నం కావాలా అంటే తలూపిద్ది" అని నాయనమ్మ కళ్ళొత్తుకుంది. నాకు భయమేసింది. సీరియల్ పోతే పోనీ. పిల్ల నోరే పోతే? నేను జీపు దిగి ఆ కొట్టు ముందు నిలబడకపోతే ఈ పాటికి ఎవరితోనో కాయల తగాదా పడతా ఉండేది గదా.

మొదటి ఆదివారం రానే వచ్చింది. నాయనమ్మ ఊరందరినీ ఎప్పుడో పిలిచేసింది. పిలిచినోళ్ళని రావొద్దంటే మర్యాదేనా అని కొట్టు ముందు షామియానా వేయించింది. కుర్చీలు తెప్పించింది. ఖాళీ కూల్‌డ్రింకు ట్రేలు పేర్చి వాటి మీద టీవీ పెట్టారు. నేను పేట నుంచి పొద్దున్నే వెళ్ళా. పిల్ల బయటికి రాలా. లోపల గల్లాపెట్టె వెనకే కూర్చుంది, టీవీ పక్కగా కనపడిద్ది అక్కణ్ణించి.

సీరియల్ మొదలైంది. మా పిల్ల మొహం తెర మీద పడంగానే ఈలలు, చప్పట్లు. నీళ్ళ ట్యాంకరు కాడ బిందెల తగాదా సీను, మీసాలాయన ఒకడు వరస తప్పించి ముందుకు దూరతాడు. తెర మీద పిల్ల నోరు తెరిచింది. తేనె కారింది.

షామియానా కింద ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలా. ముందు వరసలో ఒక పిన్ని మాత్రం బుగ్గన చెయ్యేసుకుని మురిసిపోయింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందే గొంతు. ఏమే, ఎప్పుడూ ఇట్టా మాట్లాడొచ్చుగదే?" అని కొట్లోకి చూసి అన్నది. ఆమె మనసులో ఏ చెడూ లేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. నాకు కోపం నషాళానికెక్కి కుర్చీలోంచి లేచా, ఆమెని ఏమని తిట్టాలో కూడా అనుకున్నా.

నేను నోరు తెరిచేలోపు పిల్ల కొట్లోంచి బయటికొచ్చింది. టీవీ మీద రిమోట్ తీసుకుని సౌండు ఆపేసింది.

"అది నా గొంతు కాదు పిన్నీ" అంది.

ఎన్నాళ్ళకో ఆ గొంతు విన్నా. అదే గరుకు. జనం ఏం చేయాలో తెలియక తెర వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూస్తన్నారు. తెర మీద పిల్ల ట్యాంకరు ఎక్కి చెయ్యి ఊపుతా ఏదో అంటంది. మా పిల్ల ఒకసారి తెర చూసింది. మొదటి మాట జారిపోయింది. రెండోది అందుకుంది.

"వరసలో నిలబడింది బిందెలు, మీసాలు కాదు. మీసానికి దాహమైతే వెనక నిలబడమను."

అది నేను రాసిన మాటే. జిరాక్స్ కొట్లో కూర్చుని రాసిన నాడు ఇట్టాగే వినపడింది నాకు. జనం గొల్లుమన్నారు. సౌండు ఆపేసింది కాబట్టి మిగతావాళ్ళ మాటలూ చెప్పేవాళ్ళు లేరు, అవి కూడా పిల్లే చెప్పింది. ట్యాంకరు డ్రైవరు మాట, కానిస్టేబులు మాట, ముసలమ్మ తిట్లు, అన్నీ ఆ ఒక్క బొంగురు గొంతుతోనే. ఒకచోట గేదె అరవాలి, అదీ అరిచింది. ఇందాకటి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతంది. నాయనమ్మ మాత్రం నవ్వలా, స్తంభం పట్టుకుని నిలబడి వింటంది. నేను నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయా, కళ్ళ నీళ్ళు కారితే కారనిచ్చా.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. చెవులు సరిగ్గా పనిచేయవు ఆయనకి.

"ఏమే మనవరాలా, వెనక్కి ఇనపడట్లా. ఇంకాస్త గట్టిగా చెప్పు."

ఆ పిల్ల బుద్ధెరిగిన కాడినించి గొంతు తగ్గించమన్నోళ్ళే గానీ పెంచమన్నోళ్ళు లేరు. తెర వదిలేసి ఆయన వంక చూసింది, నిజంగానే అడుగుతన్నాడా అని. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఎదురు చూస్తన్నాడు. పిల్ల కొట్టు అరుగెక్కి నిలబడి, ఆ మీసాల మాట మళ్ళీ గట్టిగా చెప్పింది.